గోరింకకు ఎనిమిది మార్కులు

ఓబులేసు పెళ్లాం గొంతును బడివాళ్లు నోటుపుస్తకంలోకి తీసేసుకున్నారు. ఇందులో వాదులాడడానికి ఏమీ లేదు, రసీదు ఉంది. రసీదు మీద బడి ముద్ర, తెలుగు సారు సంతకం, 'గోరింక ఒకటి, ఆరోగ్యంగా ముట్టినది' అన్న మాట ఉన్నాయి. గొంతు సంగతి అందులో లేదు. దానికి వేరే గడి లేదన్నారు.

పద్ధతి అందరికీ తెలిసిందే. ఏడో తరగతి పిల్లలు తలా ఒక నాటుపిట్ట మీద నాలుగు పాదాల పద్యం రాయాలి. సారు దిద్ది, ఎర్రసిరాతో మార్కులు వేసి, రిజిస్టరులో ఎక్కించగానే ఆ పిట్ట ఊళ్లోంచి లేచి పుస్తకంలోకి వెళ్లిపోతుంది. ఛందస్సు తప్పినా ఫరవాలేదు, సడలింపు ఉంది. చూసి రాసింది అయితే చాలు. చూడకుండా రాస్తే పిట్ట కదలదు. పిట్ట కదలకపోతే పిల్ల ఎనిమిదో తరగతికి కదలదు.

మొదటి ఏడాది పిచ్చుకలు పోయాయి. మధ్యాహ్నం గంట కొట్టేలోపు చూరులన్నీ ఖాళీ. ఎవరూ గొడవ చేయలేదు. పుస్తకం తెరిస్తే కిచకిచమంటాయి, మూస్తే ఊరుకుంటాయి, పైగా రెట్ట వేయవు. మరుసటి ఏడాది పాలపిట్ట మీద రాసిన కుర్రాడు చివరి పాదం మరిచిపోయాడు. పిట్ట తోక లేకుండానే పుస్తకంలోకి వెళ్లింది. తోక రెండు రోజులు కరెంటు తీగ మీదే ఉంది. లైన్‌మన్ ఎక్కి తీసేశాడు. పసుల వీపు మీద తిరిగే పసులపోలిగాళ్లు కూడా పోయాక వేరుశనగ చేలల్లో పురుగు పడింది. వ్యవసాయాధికారి వచ్చి చూసి, ఆ పద్యం ఉన్న పేజీ తెరిచి గట్ల మీద తిప్పమని రాసిచ్చాడు. తిప్పారు. పురుగులు పేజీ అంచులు కూడా తిన్నాయి.

ఇవేవీ ఓబులేసుకు పట్టలేదు. ఆయనకున్నది రెండెకరాల చేను, కూతురు నాగజ్యోతి, చూరు కింద ఒక గోరింక. ఊళ్లో తక్కిన గోరింకలు పోయినేడే రెండో సెక్షను పిల్లల పద్యాల కింద పోయాయి. దీన్ని మాత్రం ఇంటిపిట్ట అని వదిలేశారు.

భార్య కుళ్లాయమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆమె ఆ గోరింకకు ఏమీ నేర్పలేదు. అదే విని నేర్చుకుంది. నేర్చుకున్నది ఒక్క మాట. ఓబులేసు చేని నుంచి వచ్చి గడపలో కాలు పెట్టబోయేసరికి, అచ్చం ఆమె గొంతుతో, ఆమె విసుగుతో, "యోవ్, చెప్పులు బయట!" అనేది. కాపురం చేసిన పదహారేళ్లలో ఆయన ఆ మాటను ఒక్కనాడూ ఖాతరు చేయలేదు. ఈ నాలుగేళ్లలో ఒక్కనాడూ చెప్పులతో గడప దాటలేదు.

ఈ ఏడాది చీట్లు తీస్తే నాగజ్యోతికి గోరింక వచ్చింది.

ఓబులేసు బడికి పోయాడు. ఐదో తరగతి దాకా తాను చదివిన బడే.

"పిట్టను మార్చు సార్," అన్నాడు.

తెలుగు సారు భాస్కరాచారి మంచివాడు. చీట్ల డబ్బా బోర్లించి చూపించాడు. "ఏముంది ఓబులేసూ మార్చేదానికి? రాబందు ఒకటుండె. అది ఊళ్లోనే లేదు. అది వచ్చిన పిల్లోనికి దయామార్కులేసినాం."

"మా పాపకూ దయ చూపు."

"పిట్ట లేకుంటే దయ. ఉంటే పద్యం. రూలు నేనేమన్నా పుట్టించినానా?"

"అది నా ఇంట్లో పిట్ట సార్."

"అందుకే గదా అనేది. చూసి రాయడం సులువు."

ఓబులేసు ఇంటికి వచ్చి కూతురికి ఒక్కటే చెప్పాడు. "చెడగొట్టి రాయి."

నాగజ్యోతి గైడు చూసి రాసింది. గోరింక సొగసు, గోరింక పాట, గోరింక మన దేశానికి గర్వకారణం. సారు మార్కులు వేసి కిటికీ వైపు చూశాడు. గోరింక రాలేదు. మార్కులు కొట్టేశాడు. రెండోసారి ఇంకా చెడగొట్టి రాసింది. ఆ పద్యం ఏ గుమాస్తా మీదైనా రాసినట్టుంది. ఏ గుమాస్తా కూడా రాలేదు. మూడోది శుక్రవారం పదింటికల్లా పెట్టకపోతే మళ్లీ ఏడో తరగతే అని చెప్పి సారు పంపేశాడు.

గురువారం సాయంత్రం పిల్ల అరుగు మీద పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నాయనా, నా జతోళ్లంతా ఎనిమిదికి పోతాండారు. నేను చిన్నపిల్లోళ్లతో కూర్చోవాల్నా?"

"కూర్చో. ఏం, ఏడో తరగతి కరుస్తాదా?"

"పిట్టే గదా నాయనా."

ఓబులేసుకు ఒళ్లు మండింది. "పిట్టే గదానా? దాని కంటి చుట్టూ పసుపు ఎప్పుడన్నా చూసినావా? గూట్లోంచి కిందపడితే మీయమ్మ పసుపు దంచే చేత్తోనే ఎత్తి పెట్టింది. మీయమ్మ చాట చెరుగుతాంటే అన్ని పిట్టలూ నూకలకొస్తాండె. ఇదొక్కటీ మాటకొచ్చి, తల వంచి వింటాండె. ఆయమ్మ దగ్గితే దగ్గుతాండె. ఆయమ్మను ఎత్తుకపోయినాక మూడు దినాలు నోరు మెదపలా. నాలుగో దినం నేను చెప్పులతో లోపలికి పోతాంటే అప్పుడనింది. నేను ఆడనే, ఆ గడపలోనే..."

అక్కడ ఆగాడు. పెన్సిలు చప్పుడు వినిపించింది.

"రాస్తాండావా?"

"నేనేం రాయలా నాయనా. నువ్వు చెప్పినావు."

నాలుగు పాదాలూ పూర్తయి ఉన్నాయి. చింపేయడానికి ఓబులేసు చేయి పుస్తకం దాకా పోయింది. పిల్ల పుస్తకాన్ని వెనక్కి లాక్కోలేదు. అది చూసి ఆయనే చేయి వెనక్కి తీసుకున్నాడు.

శుక్రవారం పదీ ఇరవైకి గోరింక చూరు కింది నుంచి లేచి, ఒక్క మాటా అనకుండా బడి వైపు పోయింది. ఎనిమిది మార్కులు. పద్యంలో చెప్పులు ఉండకూడదని రెండు తగ్గించారు.

పుస్తకాలు జిల్లా పిట్టల భాండాగారానికి పోతాయి. తల్లిదండ్రులు రెండో శనివారం పదకొండు నుంచి పదకొండుంపావు వరకు చూడవచ్చు. ఓబులేసు దరఖాస్తు పెట్టుకుని, రసీదు జతచేసి, బస్సెక్కి పోయాడు. పదకొండూ పదికి ఆయన వంతు వచ్చింది. అటెండరు బీరువా తీసి, పేజీ తెరిచాడు.

"యోవ్, చెప్పులు బయట!" అంది పుస్తకం.

"చెప్తాంది గదా పెద్దాయనా," అన్నాడు అటెండరు. "పోయి విడిచిపెట్టి రా."

ఓబులేసు మెట్లు దిగి, చెప్పులు విడిచి, మళ్లీ ఎక్కి వచ్చాడు. పదకొండుంపావు అయింది. బీరువా వేసేశారు.

జూన్‌లో నాగజ్యోతి ఎనిమిదో తరగతిలో కూర్చుంది. అక్కడ పిట్టల పాఠం లేదు, పిట్టలూ లేవు. ఈ ఏడాది పాఠం 'మా ఇంటి పెద్దలు'. నాలుగు పాదాలు, చూసి రాయాలి, ఛందస్సుకు సడలింపు. తల్లిదండ్రుల కమిటీ చదివి, చప్పట్లు కొట్టి, సంతకాలు చేసింది. ఓబులేసు సంతకం తొమ్మిదోది.

ఆ సాయంత్రం ఆయన చేని నుంచి వచ్చేసరికి పిల్ల అరుగు మీద ఉంది. పెన్సిలు చెక్కి ఉంది.

"నాయనా, అమ్మ గురించి చెప్పు. గోరింకప్పుడు చెప్పినావే, అట్ల."

ఓబులేసు గడప ముందు ఆగాడు. చూరు కింద ఏమీ లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా వంగి చెప్పులు రెండూ విడిచి, ఒకదాని పక్కన ఒకటి సర్దిపెట్టాడు.

నాగజ్యోతి తలెత్తి చూసింది. తల వంచి మొదటి పాదం రాసుకుంది.

ఓబులేసుకు కాళ్లు తేలికైనట్టు అనిపించింది. పుస్తకం వైపు చూశాడు. ఆ పాదంలో ఉన్నది కుళ్లాయమ్మ కాదు, తానే. పిల్ల ముందుకు పోవాలి, పోతుంది. అందుకు తాను అడ్డం పడేది లేదు. కానీ కుళ్లాయమ్మ మాట, గోరింక మాట ఇక తన నోట వినపడవని చెప్పి లోపలికి పోయాడు. ఆ తర్వాత ఎవరు అడిగినా, సారు అడిగినా, కూతురు అడిగినా, ఆయన చెప్పలేదు.