ఆడవాళ్ళ బాల్కనీ

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోతే మీరే పెట్టుకుని చదవండి. రాయడం కూడా నిదానమే. పొద్దున ఎత్తుకున్న వాక్యం మాపటికి గాని ఒడ్డుకి చేరదు. ఇక కథ.

రేవుపాలెం కళామందిరంలో చనిపోయిన నటుడు, టిక్కెట్టు కొన్నవాళ్ళు వన్స్‌మోర్ అంటే లేచి, పద్యం మళ్ళీ పాడి, తిరిగి పడుకోవాలని పురపాలక సంఘం నిబంధన. వేరే ఊళ్ళలో యుద్ధంలో కూలిపోయిన రాజు వేషగాడు వన్స్‌మోర్ వినపడగానే కిరీటం సర్దుకుని లేస్తాడు కదా. ఇక్కడ దాన్నే ఇంకాస్త సాగదీశారు.

ఆ మందిరాన్ని పూర్వం పొగాకు వ్యాపారులు చందాలేసుకుని కట్టించారు. బర్మా టేకు స్తంభాలు, మంగుళూరు పెంకుల కప్పు. మైకులు లేని రోజులు కాబట్టి వేదిక చెక్కల కింద గొయ్యి తీసి, నోళ్ళు పైకి ఉండేలా ఖాళీ కాగులు పాతారు. పాడేవాడి గొంతు వాటిలోకి దిగి, రెట్టింపై, వెనక వరసదాకా వెళ్ళేది. గొంతుతోపాటు మనిషి కూడా అందులోనే ఉండిపోతాడని కట్టిన మేస్త్రీకి తెలియదు. సంగతి బయటపడ్డాక ఇంజనీరు వచ్చి చూసి, కాగులకి పగుళ్ళేమీ లేవని చెప్పి వెళ్ళాడు.

పసుపులేటి గవర్రాజు ఆ వేదికమీదే పోయాడు. రాజు వేషంలో గుండె పట్టుకుని పడిపోతే, జనం అది నటన అనుకుని వన్స్‌మోర్ అన్నారు. లేచి పాడాడు. రెండోసారి పడ్డాక డాక్టరు చూసి, మొదటిసారే పోయాడని తేల్చాడు. అప్పటికతనికి ముప్ఫై రెండేళ్ళు.

ఆనాటినుంచి ఆ నాటకం ఎవరు ఆడినా, ఆ పద్యం దగ్గర వన్స్‌మోర్ పడితే లేచేది గవర్రాజే. అప్పటి వేషగాడు కదలకుండా పడుకుంటాడు. అతనికీ ఆ కాసేపు నడుం వాల్చినట్టుంటుంది.

గవర్రాజు భార్య వీరమాణిక్యం ప్రతి ఆటకీ వచ్చేది. ఆమె మాత్రం వన్స్‌మోర్ అనకూడదు. బంధువులు అడిగితే అది పక్షపాతం కిందికి వస్తుందట. పరాయివాళ్ళకి ఎప్పుడు బుద్ధి పుడుతుందా అని పెదవి బిగబట్టుకుని కూర్చునేది.

ఆమె బాధ అది కూడా కాదు. గవర్రాజు రాగం తీసేటప్పుడు కళ్ళెత్తి ఆడవాళ్ళ బాల్కనీలో ఎడమ స్తంభం పక్క కుర్చీకేసి చూసేవాడు. పెళ్ళయిన కొత్తలో మాణిక్యం కూర్చున్న కుర్చీ అది. పోయాక కూడా అక్కడికే చూస్తున్నాడు. కానీ బాల్కనీ బీటలిచ్చిందని సంఘంవారు ఏనాడో తాళం వేశారు. మాణిక్యం కింద, ఆడవాళ్ళ వరసలో కూర్చునేది. అతని చూపు ఆమె నెత్తిమీదుగా వెళ్ళిపోయేది.

ఈ ఏడు మందిరాన్ని ఏసీ కన్వెన్షన్ హాలు చేస్తామన్నారు. ఆఖరి ఆట ఆదివారం మధ్యాహ్నం. మాణిక్యం కమిషనరు దగ్గరికి వెళ్ళింది.

"ఒక్కసారి పైన కూర్చోనివ్వండి బాబూ. ఆయన చూసేది అటేనండి."

"బాల్కనీ కూలితే బాధ్యత ఎవరిదమ్మా?"

"నాదేనండి."

"మీరు పోయాక బాధ్యత ఎవరు తీసుకుంటారు?"

"ఎవరైనా వన్స్‌మోర్ అంటే నేనే లేచొచ్చి తీసుకుంటానండి."

"ఆ వసతి కళాకారులకే. ప్రేక్షకులకి లేదు," అన్నాడు కమిషనరు, కోపమేమీ లేకుండా. "పోనీ, ఆయన్నే కాస్త కిందికి చూడమని ఒక అర్జీ పెట్టించండి. ఆయనే స్వయంగా పెట్టాలి."

"మరి ఆ కాగులేం చేస్తారండి?"

"పార్కులో పెట్టి క్రోటన్లు వేస్తాం."

ఆదివారం మందిరం నిండింది. పాత కుర్చీలు వేలంలో పాడుకున్నవాళ్ళు, ఎవరి కుర్చీ పోకుండా వాళ్ళు దానిమీద కూర్చోడానికి వచ్చారు. గేటు దగ్గరుండే సత్తిరాజు మాణిక్యాన్ని పక్కకి పిలిచి తాళం తీశాడు.

"ఎక్కండి మాణిక్యమ్మగారూ. పడిపోతే మాత్రం నేను మిమ్మల్నెరగను."

"పడితే నీమీదే పడతాన్లే, ఎరుగుదువుగాని."

బాల్కనీలో పావురాల రెట్టలు, ఎండ. ఎడమ స్తంభం పక్క కుర్చీ తుడుచుకుని కూర్చుంది. కింద రాజు యుద్ధంలో పద్యం పాడి పడిపోయాడు. హార్మోనియం ఆగింది. ఎవరూ నోరు మెదపలేదు. ఒకాయన తన కుర్చీ కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో ఊపి చూసుకుంటున్నాడు. తెర దించడానికి తాడు పట్టుకున్నారు. మాణిక్యం కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు మధ్య వరసలో ఒకతను ఫోను చూసుకుని, "అరే, రికార్డవలేదురా!" అని, "వన్స్‌మోర్!" అని అరిచాడు.

టిక్కెట్టున్నవాడే. గవర్రాజు లేచాడు. అవే మీసాలు, మెడలో అదే ముత్యాల దండ. పద్యం ఎత్తుకుని, రాగం దగ్గర కళ్ళెత్తాడు. మాణిక్యం చూపుడువేలితో నెరిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

అతని చూపు కుర్చీమీద ఆగింది. పక్కకి జరిగింది. స్తంభం వెనక, మెట్లమీద, మూలల్లో ఎవరికోసమో వెతికింది. మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది. రాగం మాత్రం ఎక్కడా తెగలేదు. పద్యం ముగించి, బాల్కనీకేసి తిరిగి, పెద్దవాళ్ళకి పెట్టినట్టు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు.

మాణిక్యం చెయ్యి దానంతటదే లేచింది.

"చల్లగా ఉండు నాయనా," అంది.

అతను వెళ్ళి తన చోట పడుకున్నాడు. కింద జనం కుర్చీలు తలమీద పెట్టుకుని బయల్దేరారు. మెట్ల దగ్గర సత్తిరాజు ఎదురొచ్చాడు.

"చూశారాండి ఆయన?"

"చూశాడు."

"గుర్తుపట్టారా?"

"పెద్దదాన్నని గుర్తుపట్టాడు," అంది మాణిక్యం. "తాళం వేసుకో సత్తిరాజూ."

— కొప్పిశెట్టి నాగరత్నం, వయసు డెబ్బై నాలుగు. ప్రస్తుతం రావులపాలెంలో, చెల్లెలి దగ్గర ఉంటున్నాను.