రొట్టె పరమార్థ సదస్సు

రొట్టె అంటే ఏమిటో ప్రజలకు ఇన్నాళ్ళూ సరిగ్గా తెలియదని తేలడంతో, ఆ లోటు తీర్చడానికి సభామందిరంలో వారం రోజుల పాటు రొట్టె పరమార్థ సదస్సు జరపాలని పెద్దలు తీర్మానించారు. ఆ మేరకు మొదటి ఉత్తర్వు వెలువడింది. మందిరం సిబ్బందికి రోజూ మధ్యాహ్నం ఇచ్చే రొట్టె వారం పాటు నిలిపివేయడమైనది. చర్చకు నమూనాలు కావాలి కదా మరి!

మందిరం ఊడ్చే ఆవిడకు ఆ ఉత్తర్వు చదవడం రాలేదు గానీ, కడుపుకు వెంటనే అర్థమైంది. రోజూ ఆ రొట్టెలో సగం తను తిని, మిగతా సగం గుడ్డలో చుట్టుకుని మంచం పట్టిన అక్కకు తీసుకెళ్ళేది. అక్కకు పగటిపూట తిండి అదొక్కటే.

నమూనా రొట్టెలు వారమంతా నవనవలాడాలని వాటికి వార్నిష్ పూయించారు. బీరువాలకు పూసేదే. అద్దాల పెట్టెల్లో అవి తళతళలాడుతుంటే, ఆ అద్దాలు తుడవడం ఆవిడ పని. తుడిచినప్పుడల్లా నోట్లో నీళ్ళూరేవి. ఒళ్ళు కూడా మండేది.

మొదటి రోజు ఒక ఆచార్యులవారు రొట్టె అసలు రొట్టే కాదని నిరూపించారు. రెండో రోజు మరొక ఆచార్యులవారు, ఆ మాట ముందు అన్నది తానేనని నిరూపించారు. ఆకలి లేనివాడే ఆకలిని నిష్పక్షపాతంగా పరిశీలించగలడని మూడో రోజు ఏకగ్రీవంగా ఒప్పుకుని, అందరూ భోజనాలకు లేచారు. ఆ భోజనం అరగక నాలుగో రోజు చర్చ వాయిదా పడింది.

"ఏమే, ఇవాళా లేదా?" అని అడిగింది అక్క.

"సదస్సు అక్కా. రొట్టె గురించి మాట్లాడుకుంటున్నారు."

"దాంట్లో మాట్లాడుకోడానికేముందే? తినడమేగా!"

చదువు లేనివాళ్ళు ఇలాగే తొందరపడతారు.

చివరి రోజు, సామాన్యుల అభిప్రాయం తీసుకోలేదన్న సంగతి అధ్యక్షులవారికి తట్టింది. ఎదురుగా కనబడిన ఆవిడను చీపురుతో సహా వేదిక ఎక్కించారు.

"చెప్పమ్మా, భయపడకు. నీ దృష్టిలో రొట్టె అంటే ఏమిటి?"

"మా అక్క మధ్యాహ్నం తిండండీ. ఏడు రోజులై లేదు. ఇవాళైనా ఇప్పించండి బాబూ."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు. "ఆహా! వారమంతా మనం వెతికిన పరమార్థాన్ని ఈ తల్లి ఒక్క ముక్కలో తేల్చేసింది! రొట్టె విలువంతా రొట్టె లేకపోవడంలోనే ఉంది!" అని, ఒకటో నంబరు నమూనాను ఆవిడకు బహూకరించారు.

అక్క ఆశగా అందుకుంది. "ఇదేమిటే, బీరువా వాసనేస్తోంది?" అంది. వేడినీళ్ళలో నానబెట్టారు. నీళ్ళు తెల్లబడ్డాయి గానీ రొట్టె మెత్తబడలేదు. 

మర్నాడు రెండో ఉత్తర్వు వచ్చింది. ఆవిడ పలికిన మాటలను పటం కట్టించి మందిరం భోజనశాలలో తగిలించవలెను. రొట్టె ఇస్తే ఆ మాటలు అబద్ధమైపోయే ప్రమాదమున్నందున, సిబ్బంది రొట్టెను శాశ్వతంగా రద్దు చేయడమైనది.

ఆ పటం కింద భోంచేసినవాళ్ళలో కంటతడి పెట్టనివాళ్ళు లేరు. మొన్న మీరూ వెళ్ళారుగా! రెండుసార్లు చదివి, కళ్ళు తుడుచుకుని, "ఎంత బాగా చెప్పిందో మహాతల్లి!" అన్నారు. అప్పుడే ఎవరో ఒకావిడ చీపురుతో వచ్చి, "కాళ్ళు కాస్త తియ్యండి బాబూ" అంది. విసుక్కుంటూనే అయినా, తీశారు.