ఇరవై ఒకటో ఏటి విజేత

ఆ సోమవారం పొద్దున గడ్డి మేస్త్రి పెట్టుకున్న పనులు మూడే మూడు. ఎనిమిదింటికల్లా పదిహేడో గుంత చుట్టూ పచ్చిక కత్తిరించాలి. పదింటికి కారుతున్న నీళ్ళ పైపు సంగతి చూడాలి. ఒంటిగంటకు ఇంటికెళ్ళి భోంచేసి ఓ పావుగంట నడుం వాల్చాలి. గురువారం నుంచి నాలుగు రోజులు ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీ. అది మొదలైందంటే తనకో నడుం ఉందని గుర్తుచేసుకునే తీరిక కూడా దొరకదు.

ముప్ఫయ్యేళ్ళుగా ఆ గోల్ఫ్ క్లబ్బు మైదానం ఆయన చేతులమీదే పెరిగింది. అరచెయ్యి ఆనించి పచ్చికకు దాహంగా ఉందో లేదో చెప్పగలడు. గోల్ఫ్ మాత్రం ఒక్కనాడూ ఆడలేదు. ఎవరైనా అడిగితే "వంటవాడు పంక్తిలో కూర్చుంటాడా?" అనేవాడు. ఆయన భార్య ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది గనక అందరికీ టైలరమ్మ. మైదానంలో గడ్డి పెంచేది ఆయనైతే, ఇంట్లో గడ్డి పెట్టేది ఆవిడ.

అదీ ఏడాదికి ఒక్కసారే, కూతురి పుట్టినరోజున. ఇరవై నాలుగేళ్ళ కిందట, సరిగ్గా ఈ పోటీ వారంలోనే, కుండపోత వానలో ఆ పిల్ల పుట్టింది. పుట్టిన రెండు రోజులకు గాని తండ్రి ఆస్పత్రి గడప తొక్కలేదు. ఎక్కడికెళ్ళారంటే "పని పడింది" అన్నాడు. అంతకు మించి ఈనాటివరకూ ఒక్క ముక్క చెప్పలేదు. మామూలుగానే మాటల మనిషి కాదు; తప్పు చేశాననిపిస్తే ఆ కాస్తా మాట్లాడడు. అందుకని ఏటా కూతురు కేకు కోయగానే టైలరమ్మ కళ్ళొత్తుకుంటూ అందుకునేది. "నర్సులు అడిగారు, బిడ్డ తండ్రేడమ్మా అని. నేనేం చెప్పను?" ఆయన కేకు ముక్క చేత్తో పట్టుకుని, తినాలో దించాలో తెలియక నిలబడేవాడు.

అలా నడుస్తున్న సంసారంలోకి ఒక పెన్సిల్ రాత వచ్చిపడింది.

క్లబ్బు హాల్లో ఒక పెద్ద చెక్క బోర్డు ఉంది. మొదటి ఏడు నుంచి పోటీ గెలిచినవాళ్ళ పేర్లన్నీ దానిమీద బంగారు రంగుతో వరుసగా ఉంటాయి. రంగు వెలిసిపోయిందని, ఇది నలభై అయిదో పోటీ గనక, దాన్ని మళ్ళీ రాయించాలనుకున్నారు. కొత్త సెక్రటరీ కూర్చుని జాబితా తయారుచేశాడు. ఇరవై ఒకటో ఏటి దగ్గర పాత బోర్డు మీద ఖాళీ కనిపించింది. ఎవరు గెలిచారో పాతకాలపు మనిషిని అడిగి కనుక్కుందామని, అక్కడ గడ్డి మేస్త్రి పేరు ఇంటిపేరుతో సహా పెన్సిల్‌తో రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. కనుక్కోవడం మరిచిపోయి జాబితా పెయింటర్ చేతిలో పెట్టాడు. ఆ పెయింటర్ మహా నిష్ఠాపరుడు. ఉన్నదున్నట్టు రాశాడు. ప్రశ్నార్థకం ఒక్కటే తన సొంత తెలివి ఉపయోగించి వదిలేశాడు.

బోర్డు చూసి పోటీ పుస్తకం అచ్చువేశారు. పుస్తకం చూసి పత్రికవాళ్ళు పాత విజేతల జాబితా సోమవారం సంచికలో వేశారు.

టైలరమ్మ పేపర్ చదవదు, కత్తిరిస్తుంది. గౌను కొలతకు కాగితం కావలసి, ఆ పేజీ బల్లమీద పరిచి, చేతిచుట్టు గీసి, కత్తెర ఆడించింది. కత్తెర మొన సరిగ్గా మొగుడి పేరు మీద ఆగింది. పక్కన నిలబడ్డ గౌను గలావిడ కూడా చూసింది. "టైలరమ్మా, ఇది మీ ఆయన పేరేగా?" అని ఆవిడ అడగడమూ, ఆ కబురు వీధి చివరిదాకా పాకడమూ ఒక్కసారే జరిగాయి.

ఒంటిగంటకు భోజనానికి వచ్చిన మేస్త్రికి ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. ఎదురింటి రిటైర్డు పోస్ట్‌మ్యాన్ లేచి నిలబడి చెయ్యి కలిపాడు. కళ్ళద్దాల షాపులో పనిచేసే కూతురు సెలవు పెట్టి వచ్చేసింది.

"నాన్నా! ఇంత పెద్ద సంగతి ఇన్నేళ్ళు కడుపులో ఎలా దాచుకున్నావు?"

"ఏ సంగతి?"

టైలరమ్మ పేపర్ ముందుపెట్టింది. ఒక చేతిచుట్టు పోగా మిగిలిన పేజీలో ఆయన పేరు ఆయనకే కొత్తగా కనిపించింది.

"ఇది తప్పు పడింది. నేనెప్పుడు..."

"ఇరవై ఒకటో పోటీ," అంది భార్య మెల్లగా. "అంటే అమ్మాయి పుట్టిన వారం. అందుకా మీరు రాలేదు? అంత పెద్ద ఆటలో ఉన్నానని ఒక్క మాట చెప్పుంటే, నేనెందుకు ఇన్నేళ్ళు మిమ్మల్ని ఆడిపోసుకుందును? నా నోరు పడిపోనూ!"

ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. అయితే ఏటా చూసే తడి కాదది. మేస్త్రి భోజనం చేసి, నడుం వాల్చకుండా, నేరుగా క్లబ్బుకు పరిగెత్తాడు.

సెక్రటరీ విషయం విని గోడకు చేరగిలబడ్డాడు.

"ప్రశ్నార్థకం పెట్టాను మేస్త్రీ! ఇంత పెద్దది పెట్టాను!"

"పెట్టారు సరే బాబూ, నా పేరు తీయించేయండి. పేపర్లో తప్పని వేయించండి."

"రెండు వేల పుస్తకాలు అచ్చయిపోయాయి. అధ్యక్షుడికి తెలిస్తే నా ఉద్యోగం..."

మాట పూర్తికాకముందే అధ్యక్షుడే లోపలికి వచ్చాడు. ఆయన క్లబ్బులో చేరి ఏడాదిన్నర. నిన్నటిదాకా "ఏమోయ్ మేస్త్రీ, ఆ పైపు చూశావా?" అనేవాడు.

"మీరా! కూర్చోండి, కూర్చోండి," అన్నాడు ఇప్పుడు. "ఛాంపియన్‌ని పక్కనపెట్టుకుని పైపులు బాగుచేయించుకున్నాం, మమ్మల్ని క్షమించాలి. గురువారం ప్రారంభోత్సవంలో పాత విజేతలంతా నీలం కోటు వేసుకుని తలా ఒక బంతి కొడతారు. మీరు తప్పకుండా రావాలి."

"నాకు కోటు లేదండీ," అన్నాడు మేస్త్రి. వంద నిజాలు చెప్పాల్సిన చోట ఆయన నోట వచ్చిన నిజం అదొక్కటే.

ఆ కొరత కూడా సాయంత్రానికి తీరిపోయింది. టైలరమ్మ గిరాకీ బట్టలన్నీ పక్కకు నెట్టి నీలం గుడ్డ పరిచింది. మెడలో టేపు వేసుకుని మొగుణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టింది.

"చేతులు చాపండి. బంతి కొట్టేటప్పుడు భుజం ఎంత తిరుగుతుంది?"

"మామూలుగా తిరుగుతుంది."

"ఎడమా, కుడా?"

మేస్త్రి కాసేపు ఆలోచించాడు. "రెండూ," అన్నాడు. ఆవిడ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, రెండు భుజాలూ కొలిచింది.

మంగళవారం ఆయన చేతికింద పనిచేసే పన్నెండు మందీ తాము ఇన్నాళ్ళూ ఛాంపియన్‌తో పనిచేశామని తెలిసి ఆయన్ని గంప పట్టుకోనివ్వలేదు. ఖాళీ చేతులతో మైదానంలో తిరుగుతుంటే ఆయనకు బట్టలు లేకుండా తిరుగుతున్నట్టనిపించింది. కళ్ళద్దాల షాపు యజమాని, మేస్త్రి కూతురి చేతికిచ్చి ఆయనకు నల్లద్దాలు పంపాడు. అవి పెట్టుకుని చూస్తే పచ్చికంతా ఎండిపోయినట్టు కనిపించి, నీళ్ళ పైపు తిప్పడానికి పరిగెత్తాడు.

బుధవారం కూతురి పుట్టినరోజు. కేకు కోశారు. మేస్త్రి అలవాటు ప్రకారం తల వంచుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ తిట్లు మొదలవలేదు. తలెత్తేసరికి టైలరమ్మ కేకు ముక్క తుంచి ఆయన నోటికి అందిస్తోంది.

"తినండి. ఈ ఏడు మీమీద నాకేం కోపం లేదు," అంది.

ఇరవై నాలుగేళ్ళు తిట్లు మింగిన మనిషికి ఆ ఒక్క ముక్క గొంతు దిగలేదు. "ఏమే, ఒక మాట..." అన్నాడు. ఆవిడ చటుక్కున ఆయన ముఖంలోకి చూసింది. ఎదురుచూస్తున్నట్టే చూసింది. సరిగ్గా అప్పుడే పోస్ట్‌మ్యాన్ మనవరాలి పలకమీద సంతకం కావాలంటూ వచ్చాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

గురువారం ఉదయం ఎండ బాగా కాసింది. వానైనా వచ్చి ఆదుకుంటుందేమోనని ఆకాశంవైపు చూసిన మేస్త్రికి ఒక్క మబ్బూ దొరకలేదు. మొదటి గుంత ముందు మూడువందల మంది. తొమ్మిదిమంది పాత విజేతలు నీలం కోట్లలో వరుసగా నిలబడ్డారు. వాళ్ళెవరూ మేస్త్రిని అనుమానంగా చూడలేదు. గెలిచినవాళ్ళకు తాము గెలిచిన ఏడు తప్ప మరొకటి గుర్తుండదు.

ఒక్కరికి మాత్రం గుర్తుంది. ఆయన్ని అందరూ పెద్ద ఛాంపియన్ అంటారు. డెబ్భై ఒకటేళ్ళు, చేతికర్ర, చెవిలో మిషను. ఇరవయ్యో పోటీ గెలిచింది ఆయనే, ఇరవై రెండోదీ ఆయనే. అధ్యక్షుడు "ఇరవై ఒకటో ఏటి విజేత!" అని మేస్త్రి పేరు చదవగానే, ఆయన చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"ఆ ఏడు ఎవరూ గెలవలేదు!" అన్నాడు మైకు అక్కర్లేని గొంతుతో. "నాలుగు షాట్లు ముందున్నాను నేను. వాన పడింది, పోటీ రద్దు చేశారు. మధ్యలో ఇతనెవరు?"

చప్పట్లు ఆగిపోయాయి. సెక్రటరీ పోటీ పుస్తకంతో ముఖం కప్పుకున్నాడు. అధ్యక్షుడు మైకును పామును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నాడు. మేస్త్రి దాన్ని ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. ముందు వరుసలో భార్య, కూతురు కూర్చున్నారు. ఆయన వాళ్ళవైపే చూస్తూ మాట్లాడాడు.

"పెద్దాయన చెప్పింది నిజం. నేను ఆడలేదు. నాకు ఆట రాదు. నేను ఈ మైదానంలో గడ్డి చూసేవాణ్ణి. ఆ ఏడు వాన పడితే పంపు చెడిపోయింది. ముగ్గురం బకెట్లతో నీళ్ళు తోడాం. తోడుతుండగా ఆఫీసులోంచి కేకేశారు, నీకు ఆడపిల్ల పుట్టిందని. ఒక్క గంటలో నీళ్ళు లాగేస్తే వెళ్ళొచ్చు అనుకున్నాను. ఆ పచ్చిక అంతకు ముందు నెలే వేశాను, మునిగితే కుళ్ళిపోతుంది. ఇంకొక్క గంట, ఇంకొక్క గంట అనుకుంటూ రెండు రోజులు పోయాయి. పోటీ ఎలాగూ రద్దయిందని తర్వాత తెలిసింది." "పచ్చిక కోసం పిల్లను చూడ్డానికి రాలేదని ఏ ముఖంతో చెప్పను? అందుకే చెప్పలేదు. నాది తప్పే. ఏమే, నన్ను మన్నించు. అమ్మా, నువ్వు కూడా."

టైలరమ్మ లేచి, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు దాటి, ఆయన దగ్గరకు వచ్చింది. ఆయన కోటు కాలరు సర్దింది.

"నాకు తెలుసు," అంది.

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది గనక ఆ మాట మూడువందల మందికీ వినిపించింది.

"ఏం తెలుసు?"

"అన్నీ తెలుసు. ఆ రోజు ఆస్పత్రికి వేసుకొచ్చిన ప్యాంటు ఎవరు ఉతికారనుకున్నారు? మోకాళ్ళదాకా బురద, రెండు జేబుల నిండా గడ్డి. ఎక్కడున్నారో చెప్పడానికి ఇంకొకరు కావాలా నాకు?"

"మరి ఏటా ఎందుకు తిట్టావు?"

"చెప్తారేమోనని."

"మరి మొన్న పేపర్ చూసి..."

"తిడితే చెప్పలేదు కదా. పొగిడితే చెప్తారేమోనని చూశాను."

"మరి ఈ కోటు?" అన్నాడు మేస్త్రి నీరసంగా.

"మీకు మంచి కోటు లేదుగా. అడిగితే గుడ్డ దండగంటారు."

ముందు నవ్వింది కూతురు. తర్వాత మూడువందల మందీ. పెద్ద ఛాంపియన్ మాత్రం నవ్వకుండా చేతికర్ర ఊతంతో మెల్లగా నడిచి వచ్చాడు.

"ఇరవై నాలుగేళ్ళుగా ఆ వాన నా ఒక్కడి కప్పే పట్టుకుపోయిందని తిట్టుకుంటున్నానయ్యా," అన్నాడు. తన గోల్ఫ్ కర్ర మేస్త్రి చేతిలో పెట్టాడు. "కొట్టు. వరుస తప్పకూడదు."

మేస్త్రి కొట్టాడు. బంతి కదల్లేదు. దాని వెనక జానెడు పచ్చిక మాత్రం లేచి ఆరడుగుల దూరంలో పడింది. ఆయన కర్ర వదిలేసి పరిగెత్తాడు. ఆ పచ్చిక ముక్కను రెండు చేతులా తెచ్చి, మోకాళ్ళమీద కూర్చుని, ఉన్నచోటే అమర్చి, పసిపిల్ల వీపు తట్టినట్టు తట్టాడు. చప్పట్లు అప్పుడు మోగాయి.

మర్నాడు పెయింటర్‌ని పిలిచి ఆ పేరు చెరిపించారు. ఖాళీ ఉంటే మళ్ళీ ఎవరి పేరో వచ్చి పడుతుందని భయపడి, సెక్రటరీ అక్కడ "వాన" అని రాయమన్నాడు. పెయింటర్ బ్రష్షు రంగులో ముంచి, "ఇంటిపేరు?" అని అడిగాడు. సెక్రటరీ ఈసారి సమాధానం కాగితంమీద రాయకుండా నోటితోనే చెప్పాడు.

మేస్త్రి ఇప్పుడు కాస్త మాట్లాడుతున్నాడు. సాయంత్రాలు మిషన్ పక్కన స్టూలు వేసుకుని, ఏ మూల పచ్చిక ఎలా ఉందో పూసగుచ్చినట్టు చెబుతాడు. టైలరమ్మ వింటుంది. ఒక్కోసారి ఇంతకన్నా మౌనమే నయమని కూడా అంటుంది.

ఇంతకూ ఆ నలభై అయిదో పోటీ గెలిచిందెవరంటారా, ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు.