బ్యానర్ కుడి కొస

చేతిలో చిల్లిగవ్వ లేక పరాయి దేశంలో చిక్కుకున్న ప్రతి ఫిలిప్పీన్ పౌరుడూ శుక్రవారానికల్లా సొంతగడ్డ మీద ఉంటాడని ఉపమంత్రి బకానీగారు ప్రకటించారు. గల్ఫ్ ఎండలో, మా ఆశ్రయ కేంద్రం వాకిట్లో, కోటు విప్పకుండా ప్రకటించారు. అంతటి త్యాగం నేనెక్కడా చూడలేదు.

ఆయన వెనక బ్యానర్ ఎడమ కొస పట్టుకున్నది నేనే. తాపీపనివాణ్ణి, వంకర లేకుండా పట్టుకుంటానని పేరుంది. మా దేశంలో బ్యానర్ లేనిదే వంతెన తెరవరు, బియ్యం పంచరు.

ఆ రోజు టికెట్ అందుకున్నది ఎర్లిండా. జీతమివ్వని యజమాని ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పనిమనిషి. ఊళ్లో తండ్రి పోయి ఆరు రోజులైంది. పైదేశంలో ఉన్న బిడ్డ వచ్చేదాకా మావాళ్లు శవాన్ని ఇంట్లోనే ఉంచి ఎదురుచూస్తారు.

ఉపమంత్రిగారు కవరు అందించారు. ఆయన కళ్లు మూసుకున్నారని ఫొటో మళ్లీ తీశారు. ఆ తర్వాత కార్యదర్శి వచ్చి కవరు వెనక్కి తీసుకున్నాడు.

"టికెట్టో సార్?"

"ముందు ఫొటో మనీలా వెళ్లాలమ్మా. అది చూసి మంజూరు చేస్తారు."

"మా నాన్న ఆగాలి కద సార్."

"మీ ఊరి మేయరుగారు చూసుకుంటారు."

మేయరుగారు బాగానే చూసుకున్నారు. ఆ ఫొటోతో నిలువెత్తు బ్యానర్ వేయించి శవపేటిక వెనక కట్టించారు. 'ఎర్లిండా స్వదేశం చేరింది. ధన్యవాదాలు బకానీగారూ' అని దాని మీద రాయించారు.

ఎర్లిండా తమ్ముడు ఫోన్ చేసి, మనీలాలో ఎవరింట్లో దిగావని అడిగాడు.

"నేనింకా ఇక్కడే ఉన్నాన్రా."

"మేయరుగారు అబద్ధం రాయిస్తారా అక్కా? రావడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పు."

తొమ్మిదో రోజు పూడ్చేశారు. దేశంలో ఉండి కూడా రాని కూతురని ఊరంతా తిట్టిందట.

ఎర్లిండా కార్యదర్శి దగ్గరికి వెళ్లింది. ఆయన రికార్డు తీసి, ఓపికగా చూపించాడు.

"మీరు వెళ్లిపోయారమ్మా. వెళ్లిపోయిన మనిషికి టికెట్ ఇస్తే రేపు ఆడిట్‌లో నేనేం చెప్పుకోను?"

నిన్న బకానీగారు మళ్లీ వచ్చి మరో ఐదుగురిని స్వదేశం చేర్చారు. ఈసారి బ్యానర్ పెద్దది. ఎడమ కొస ఎప్పటిలా నాదే. రికార్డు ప్రకారం నేను పోయిన మార్చిలోనే ఇల్లు చేరాను. కుడి కొస ఎర్లిండాకిచ్చారు.

"కొంచెం పైకెత్తక్కా, సార్ ముఖం వంకరొస్తోంది" అన్నాను.

ఎత్తింది.