గాజింటికి సన్మానం

ఒక పెద్ద అడవిలో, ఎవరో మనుషులు ముచ్చటపడి కట్టి, విసుగొచ్చి వదిలేసిపోయిన గాజిల్లు ఒకటి ఉండేది. బయట మంచు కురుస్తున్నా లోపల టమాటాలు కాసేవి. చలికాలమంతా ఎండు ఉసిరికాయలు నమిలి నోరు చవిచచ్చిన జంతువులకు ఆ టమాటాలే దిక్కు.

దాన్ని చూసుకునేది కోటమ్మ అనే ముళ్లపంది. అద్దాల మీద చెమ్మ తుడవడం, మధ్యాహ్నం కిటికీ కాస్త తెరవడం, పొద్దువాలకముందే మూయడం ఆమె పని. ఆ అడవిలో సన్మానం జరగని జంతువు ఆమె ఒక్కతే. ముళ్లకు శాలువా చిరుగుతుందని ఎవరూ సాహసించలేదు. అందుకని ఆమెకు పని చేసుకోవడానికి బోలెడంత తీరిక దొరికేది.

ఆ ఏడు చలి ముదిరింది. మొక్కలు గనక చస్తే గాజింటిని తన అతిథిగృహం చేసుకుంటానని అడవి సభ అధ్యక్షుడు, అడవిదున్న వీరభద్రయ్య, ముందే చెప్పి ఉంచాడు. అవి కోటమ్మ విత్తనం నాటి పెంచిన మొక్కలు. ఆమె పరుగున సభకు వెళ్లింది.

"అయ్యా, రాత్రిళ్లు గాజింటి మీద కప్పడానికి నాలుగు గోనెపట్టాలు ఇప్పించండి."

వీరభద్రయ్య కళ్లు మెరిశాయి. సన్మానాల్లో వచ్చిన శాలువాలతో ఆయన ఇల్లు నిండిపోయింది. ఇంట్లో ఆ శాలువాల గుట్టయినా ఉండాలి, తనైనా ఉండాలి అని భార్య ఆ పొద్దుటే తేల్చి చెప్పింది.

"గోనెపట్టాలేంటి కోటమ్మా, నామోషీగా. గాజింటికి సన్మానమే చేద్దాం. నా శాలువాలన్నీ ఇచ్చేస్తాను."

"ఇంత పెద్ద మనసు నేనెక్కడా చూడలేదు," అన్నాడు కార్యదర్శి కొండముచ్చు. అది ఆయన రోజూ అనే మాటే.

ఆ సాయంత్రం గాజింటికి దండ వేశారు. దాని నిరాడంబరత గురించి, దాని పారదర్శకమైన వ్యక్తిత్వం గురించి ఉపన్యాసాలు దంచారు. చివరికి అద్దం కనిపించకుండా శాలువాలు కప్పారు.

తెల్లారగానే కోటమ్మ వాటిని లాగబోతే కొండముచ్చు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పని ఇది? కప్పిన శాలువా పరాయివాళ్లు తీయొచ్చా? సన్మానం పొందినవాళ్లే తీసుకోవాలి. అది మర్యాద."

"మొక్కలకు ఎండ తగలాలండీ. గాజింటికి చేతులెక్కడివి?"

"లేకపోతే మానె. తొందరేముంది, దాని ఇష్టం."

చీకట్లో మొక్కలు పాలిపోయాయి, ఆకులు వేలాడేశాయి. కోటమ్మ వాటి మధ్య కూర్చుని ఏడ్చింది. అవతల వీరభద్రయ్య ఇంట్లో కప్పుకోవడానికి గుడ్డముక్క లేదు.

"చలేస్తోందే," అన్నాడాయన వణుకుతూ.

"మీ పెద్ద మనసు కప్పుకుని పడుకోండి," అంది భార్య.

ఏడ్చి ఏడ్చి కోటమ్మకు ఒక ఉపాయం తట్టింది. సభకు వెళ్లి, పుట్టి బుద్ధెరిగాక మొదటి అబద్ధం ఆడింది.

"అయ్యా, గాజిల్లు నా చెవిలో ఒక మాట చెప్పింది. తననింత గౌరవించిన తమకు, రేపు పొద్దున తిరిగి సన్మానం చెయ్యాలని ఉందట."

వీరభద్రయ్య జీవితంలో సన్మానం వద్దన్న పాపాన పోలేదు. "అంత ప్రేమగా అడిగితే కాదంటామా?" అన్నాడు.

పొద్దున్నే శాలువాలన్నీ గాజింటి మీంచి దిగి అధ్యక్షుడి మీదికెక్కాయి. మొక్కలకు ఎండ తగిలింది. పొద్దువాలుతుండగా కోటమ్మ మెల్లగా దగ్గింది.

"ప్రతిసన్మానం చెయ్యకపోతే లోకం ఏమనుకుంటుందోనండీ."

ఆయన పరువుగలవాడు. శాలువాలు తిరిగి గాజింటి మీదికి వెళ్లాయి. మర్నాడు పొద్దున గాజిల్లు మళ్లీ ఆయన్ని సన్మానించింది. ఇక అదే వరస. పగలు ఎండలో శాలువాల కింద ఆయన ఉడికిపోయేవాడు. తీసేద్దామంటే, "పొద్దుగూకకముందే తీస్తే గాజిల్లు చిన్నబుచ్చుకుంటుందండీ," అనేవాడు కొండముచ్చు. రాత్రుళ్లు ఆయన పళ్ల చప్పుడుకు భార్యకు నిద్రపట్టేది కాదు. అయినా ఒక్క పూట కూడా సన్మానం మానుకోలేకపోయాడు.

టమాటాలు విరగకాశాయి. మొదటి పండు అధ్యక్షులవారికి ఇవ్వాలని సభ తీర్మానించే లోపల కోటమ్మ దాన్ని తినేసింది.

నీతి: పెద్దల చేత పని చేయించాలంటే, ఆ పనికి సన్మానం అని పేరు పెట్టాలి.