కొత్త కీకి శుక్రవారం ముహూర్తం

సీమ నాపరాయి వికాస సంస్థకు కొత్తగా చైర్మన్ అయిన భూపేష్ గారు కర్నూలులో విలేకరులను పిలిచి, గత పాలకులు సంస్థ వెబ్‌సైటులో వదిలిపోయిన తాళంచెవులన్నింటినీ శుక్రవారంలోగా పీకి పారేస్తున్నామని ప్రకటించారు. సైబర్ భద్రత చరిత్రలో ఇదొక మైలురాయి అనీ, ఆ రాయి కూడా బేతంచెర్లదేననీ అన్నారు. విలేకరులు రాసుకున్నారు. ఏ తాళంచెవి అని ఎవరూ అడగలేదు. మిర్చి బజ్జీలు వేడిగా ఉన్నాయి.

ఆ ప్రసంగం రాసిచ్చినవాడు సంస్థ పీఆర్వో సోమశేఖర్. అతను ఎందరో చైర్మన్లను చూశాడు. ప్రతి ఒక్కరినీ దార్శనికుడనే రాశాడు. ఎవరికీ ఎక్కువ తక్కువలు చేయకుండా అందరికీ అవే విశేషణాలు వాడాడు.

అసలు సంగతి చిన్నది. బేతంచెర్ల చుట్టుపక్కల గనుల నుంచి నాపరాళ్లు తీసుకుపోయే ప్రతి లారీకీ ఆ వెబ్‌సైటులోనే పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ చూపించనిదే చెక్‌పోస్టులో గేటు లేవదు. అది నిబంధన. ఆ వెబ్‌సైటు కీ ఒకటి మార్చే సమయం వచ్చిందని ఐటీ మేనేజర్ స్వర్ణలత కొత్త చైర్మన్ గారికి మర్యాదగా చెప్పింది. చెప్పేటప్పుడు, పాత కీ పోయినసారి రామకృష్ణ గారు చైర్మన్‌గా ఉన్నప్పుడు పెట్టింది అని ఒక మాట అదనంగా అనేసింది. రామకృష్ణ గారిది అవతలి పార్టీ.

"వాని తాళంచెవి ఇంకా మన ఇంట్లో ఉండాదా?" అన్నారు భూపేష్ గారు కుర్చీలో నిటారుగా కూర్చుంటూ.

"తాళంచెవి అంటే అట్లాంటిది కాదు సార్. మన వెబ్‌సైటు పేరు కొడితే మనిషి మన దగ్గరికే రావల్ల. మధ్యలో ఎవడో దొంగ సైటుకు తోసెయ్యకుండా, ఈ చిరునామా మనదే అని ఒక డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం చేసేదే ఈ కీ. దాన్ని అప్పుడప్పుడు మారుస్తా ఉండల్ల."

"మార్చు తల్లీ. పాతది పీకి కొత్తది పెట్టు. సాయంత్రానికి అయిపోతుందా?"

"అట్ల కుదరదు సార్. కొత్తదాన్ని ముందు పాతదాని పక్కన పెట్టి ఊరికే చూపించల్ల. ప్రపంచంలో ఉండే కంప్యూటర్లన్నిటికీ తెలిసేదాకా ఆగల్ల. ఆ తర్వాతే దాంతో సంతకాలు మొదలుపెట్టల్ల. పాత సంతకాలను అందరూ మర్చిపోయినాక పాతదాన్ని తియ్యల్ల. ఏది ముందు ఏది వెనక అనేదే ఇందులో పని అంతా."

"అంటే కొన్నాళ్లు ఇద్దరూ ఉంటారా?"

"ఉంటారు సార్. పాతది పని చెయ్యదు. ఊరికే కూర్చొని ఉంటుంది."

"పని చెయ్యకుండా ఊరికే కూర్చునేదానికి మన పార్టీలో మనుషులు లేరా? అవతలోల్లది ఎందుకు?"

సోమశేఖర్ ఈ వాక్యాన్ని మనసులోనే మెచ్చుకున్నాడు. పత్రికలకు మాత్రం ఇవ్వలేదు.

స్వర్ణలత పట్టు వదల్లేదు. "తొందరపడి తీసేస్తే, సంతకం సరిచూసుకునే ఫోన్లకు మన సైటు కనపడదు సార్. సరిచూసుకోకుండా పోయేవాటికి మామూలుగానే కనపడుతుంది."

చైర్మన్ గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. ఆయన ఆలోచించడం అందరికీ అరుదుగా దొరికే దృశ్యం కాబట్టి గదిలో ఎవరూ కదల్లేదు.

"అంటే మన మీద నమ్మకం ఉండేవాండ్లకు కనపడతాది. అనుమానపడేవాండ్లకు కనపడదు. రాజకీయంలో మనిషికి ఇంతకన్నా ఏం కావల్ల?"

ముహూర్తం పంతులు గారు చూశారు. శుక్రవారం రాహుకాలం రాకముందే పాతది పోవాలి, కొత్తది రావాలి, రెండూ ఒకే లగ్నంలో జరగాలి అన్నారు. ప్రపంచంలోని కంప్యూటర్ల గురించి ఆయన ఏమీ చెప్పలేదు. స్వర్ణలత మళ్లీ వద్దని చెప్పబోతే, కడపలో ఆమె చెల్లెలి నిశ్చితార్థం ఉన్న సంగతి చైర్మన్ గారికి సమయానికి గుర్తొచ్చింది. ఆయన ఉదారంగా సెలవిచ్చి పంపించి, పనిని ఒక కాంట్రాక్టు కంపెనీకి అప్పగించారు. ఆ కంపెనీకి ఏ ప్రశ్నలూ లేవు.

శుక్రవారం బేతంచెర్లలో షామియానా వేశారు. కొత్త కీని పాలిష్ పట్టిన నాపరాయితో చెక్కించారు. దాన్ని వేదిక మీదికి ఎక్కించేసరికి మోసినవాళ్లకు నడుములు పట్టేశాయి. పాత కీని థర్మోకోల్‌తో చేయించి అవతలి పార్టీ రంగు వేయించారు. చైర్మన్ గారు దాన్ని మోకాలి మీద పెట్టి ఒక్క దెబ్బకు విరిచేశారు. రెండో చేత్తో బటన్ నొక్కారు. కాంట్రాక్టు కంపెనీ అసలు పాత కీని అసలు చోటి నుంచి తీసేసింది. షామియానాలోని ఇంటర్నెట్టుకు సంతకాలు సరిచూసే అలవాటు లేదు కాబట్టి పెద్ద తెర మీద వెబ్‌సైటు చైర్మన్ గారి ఫొటోతో సహా నవ్వుతూ తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. సోమశేఖర్ 'నవశకం' అనే మాట వాడాడు.

భోజనాల దగ్గర అతనికి నాగక్క ఫోన్ చేసింది. నాగక్కకు ఊరి చివర చిన్న పాలిషింగ్ యూనిట్ ఉంది. మొగుడు పోయినాక ఒక్కతే నడుపుకుంటోంది.

"ఏమప్పా సోమశేఖరా, మీ సైటు తెరుచుకుంటాలేదు. పొద్దున్నుంచి పర్మిట్ కోసం కొడతాండా. ఫోన్ ఏమో అట్లాంటి సైటే దొరకలేదు అంటాది."

"టెక్నికల్ అప్‌గ్రేడేషన్ అక్కా. అయిపోతాది."

"రాజంపేట ఆడపిల్లల హాస్టలుకు ఫ్లోరింగు రాయి అది. మేస్త్రీలంతా ఆడ కూర్చొని ఉండారు. ఈ పొద్దు చేరకపోతే టైల్స్ వేసుకుంటామని చెప్పేసినారు. లారీ చెక్‌పోస్టు కాడ నిలబడిపోయిండాది."

సోమశేఖర్ నోట్లో ఉగ్గాని చప్పబడింది. ఈ విషయాన్ని చైర్మన్ గారి చెవిలో వేశాడు.

"లారీలు నిలబడినాయా?" అన్నారాయన ఆసక్తిగా.

ఆ మాట పక్క కుర్చీవాడు విన్నాడు. అక్కడి నుంచి అది మజ్జిగ తాగేలోపు రామకృష్ణ గారికి చేరింది. ఆయన డోన్ దాకా లారీలు నిలిచిపోయాయనీ, వందల కుటుంబాలు రోడ్డున పడ్డాయనీ ప్రకటించి, పాత కీని వెంటనే పునరుద్ధరించాలని ధర్నాకు కూర్చున్నారు. 'పాత కీ జిందాబాద్' అని నినాదాలు ఇచ్చారు. ఒక టీవీ ఛానెల్ మైళ్ల పొడవునా ఆగిన లారీలను చూపించింది. వాటి వెనక ఉన్న బోర్డులు హిందీలో ఉన్నాయి గానీ, బాధకు భాష ఏముంది.

భూపేష్ గారు వెనక్కి తగ్గే మనిషి కాదు. "వందలంటాడా వాడు? మన రాయికి ఉండే గిరాకీకి వందలేంది? వేలని రాయి. క్యూ డోన్ దాటి కర్నూలు దిక్కు పోతాండాదని రాయి. ఇది అభివృద్ధి కాకపోతే ఏందంట?"

సోమశేఖర్ రాశాడు. పాలక, ప్రతిపక్షాలు ఒక అంకె విషయంలో ఇంత దగ్గరగా రావడం అతని సర్వీసులో ఇదే మొదటిసారి.

అయినా అతనికి నాగక్క గొంతు చెవిలోంచి పోలేదు. పక్కకు వెళ్లి కడపకు ఫోన్ చేశాడు. స్వర్ణలత కల్యాణమండపంలో ఉంది. వెనక సన్నాయి వినబడుతోంది.

"తీసేసినారా?" అంది.

"విరిచేసినారు మేడం. మోకాలి మీద."

"ఆ కంపెనీవాండ్ల చేతికి కాపీయే ఇచ్చింటి. అసలుది నా కాడే ఉండాది. ఇంత పని జరుగుతాదనే పారెయ్యలేదు." ఆమె పెళ్లికూతురి గదిలో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ఎవరో పెద్దావిడ తాంబూలం తీసుకో అంటోంటే ఒక్క నిమిషం పెద్దమ్మా అంటూనే, పాత కీని మళ్లీ దాని చోట కూర్చోబెట్టి పాత సంతకాలు వేయించింది. కొత్తదాన్ని దాని పక్కన, పని లేకుండా నిలబెట్టింది. "అయింది సార్. ఇప్పుడు ఎవురూ దేన్నీ ముట్టుకోకుండా ఆగల్ల."

"ఎంతసేపు?"

"జరిగిన తప్పును ప్రపంచం మర్చిపోయేదాకా."

సోమశేఖర్ ఈ మాట అలాగే చైర్మన్ గారికి చేరవేశాడు. "మర్చిపోతారులేప్పా, మన జనం ఎంతసేపు" అన్నారాయన ధైర్యంగా. పాతది తిరిగి వచ్చిందన్న మాటను ఇద్దరూ ఎత్తలేదు. నాపరాయి కీ మాత్రం వేదిక మీదే ఉంది. దాన్ని దించడానికి మనుషులు దొరకలేదు.

ఇంతలో చైర్మన్ గారికి మరో దార్శనికమైన ఆలోచన వచ్చింది. క్యూలో నిలిచిన వేలాది డ్రైవర్ సోదరులకు పెరుగన్నం పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు పంచాలి. పొట్లం మీద ఆయన ఫొటో ఉండాలి. బేతంచెర్లలో ఉన్న హోటళ్లన్నీ పొయ్యి మీద బియ్యం పెట్టాయి. సాయంత్రం సోమశేఖర్, ఒక ఫొటోగ్రాఫరు రెండు వ్యాన్ల నిండా పెరుగన్నంతో చెక్‌పోస్టుకు బయలుదేరారు. క్యూ ఎక్కడ మొదలవుతుందోనని సోమశేఖర్ కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తూనే ఉన్నాడు.

క్యూ చెక్‌పోస్టు దగ్గర మొదలై అక్కడే అయిపోయింది.

ఒకటే లారీ ఉంది. దాని నీడలో నాగక్క, ఆమె డ్రైవరు కూర్చుని ఉన్నారు. గేటు పక్కన కుర్చీలో గార్డు బొజ్జన్న కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"మిగతా లారీలు యాడప్పా?" అని అడిగాడు సోమశేఖర్.

"ఏ లారీలు సార్?" అన్నాడు బొజ్జన్న.

అప్పుడే వెనక హారన్ మోగింది. పలకలు నింపుకున్న లారీ ఒకటి వచ్చింది. బొజ్జన్న పర్మిట్ అడక్కుండా, కుర్చీలోంచి లేవకుండానే తాడు లాగాడు. గేటు లేచింది. దాని వెనక మరొకటి, దాని వెనక ఇంకొకటి. బళ్ల వెనక 'లక్ష్మీదేవమ్మ స్టోన్స్' అని ఉంది. లక్ష్మీదేవమ్మ గారు చైర్మన్ గారి తల్లి. వాటి మధ్యలో రామకృష్ణ గారి బావమరిది లారీ కూడా పోయింది. డ్రైవర్లు సోమశేఖర్‌కు మర్యాదగా చెయ్యూపారు. అతనూ ఊపాడు.

దుమ్ము అణిగాక నాగక్క ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "వచ్చినాది, వచ్చినాది. సైటు తెరుచుకున్యాది." పర్మిట్ వచ్చింది. డ్రైవరు పరుగున పోయి ఇంజను స్టార్ట్ చేశాడు. రాత్రికల్లా చేరిపోతామని మేస్త్రీలకు చెప్పమని ఆమె ఎవరికో ఫోన్ చేసింది.

తర్వాత సోమశేఖర్ దగ్గరికొచ్చి, మనస్ఫూర్తిగా తెలుసుకుందామనే అడిగింది. "ఏమప్పా, వాండ్లకు ఏ కీ ఇచ్చింటిరి?"

"పెరుగన్నం తినక్కా" అన్నాడు సోమశేఖర్. ఆమె చేతిలో ఒక పొట్లం పెట్టాడు. కాస్త ఆలోచించి, ఇంకో నాలుగు పెట్టాడు.

చైర్మన్ గారు ఫోన్ చేశారు. "ఏమప్పా, అందరికీ అందిందా?"

"అందిందన్నా. మిగిలిండాది కూడా."

"సైటు?"

"తెరుచుకుంది. లారీ పోతాండాది."

"లారీ అనొద్దప్పా, లారీలు అను. ఎన్నని రాస్తాండావు?"

సోమశేఖర్ ఖాళీ రోడ్డు వైపు చూశాడు. బొజ్జన్న మూడో పొట్లం విప్పుతున్నాడు.

"అంకె వద్దన్నా" అని, ఆ రాత్రి పత్రికలకు ఇలా పంపాడు. 'దార్శనికుడైన చైర్మన్ గారి చొరవతో, పర్మిట్ కోసం ఎదురుచూస్తున్న లారీలన్నీ నూటికి నూరు శాతం బయలుదేరాయి.'

రామకృష్ణ గారు మర్నాడు పొద్దున్నే ఆ ప్రకటనను ఖండించి, ఆ విజయం తమ ధర్నాదేనన్నారు.