ఏడో నంబరు ఫోల్డరు

ఎనిమిదింటికి ప్రోగ్రామ్ ఒకసారి నడిపి చూడడం, ఎనిమిదిన్నరకు స్నానం, తొమ్మిదింటికి చొక్కా ఇస్త్రీ, పదకొండింటికి డాక్టరమ్మ. ఆ ఉదయానికి ప్రోగ్రామరు వేసుకున్న పథకం ఇదీ. ఇందులో మొదటి పనే పూర్తి కాలేదు.

డాక్టరమ్మ అంటే వీధి చివరి పశువుల ఆసుపత్రికి పెద్ద. జబ్బుపడిన జంతువుల వివరాలన్నీ దాచే ప్రోగ్రామ్ కావాలంది. అతను ఉద్యోగం మానేసి, ఇంటి ముందు గదిలో కూర్చుని ఎనిమిది నెలలు రాశాడు. ఈలోగా ఒక పెద్ద కంపెనీ అమ్మకాల మనిషి టై కట్టుకుని ఆసుపత్రికి రెండుసార్లు వచ్చిపోయాడు.

"రేపు పదకొండుకు మీ ఇంటికే వచ్చి చూస్తా. బాగుంటే పని మీది. లేకపోతే మధ్యాహ్నం ఆ టై అతనికి ఫోన్ చేస్తా," అంది ముందురోజు డాక్టరమ్మ. ఆవిడ ఆవులతో కూడా ఇంత ముక్తసరిగానే మాట్లాడుతుంది.

అతను ప్రోగ్రామ్ గుర్తు మీద రెండుసార్లు నొక్కాడు. తెర ఒక్కసారి రెప్ప వేసింది. అంతే. ప్రోగ్రామ్ రాలేదు. రాలేనని కూడా చెప్పలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే రెప్ప.

"రాత్రి అప్‌డేట్ అయినట్టుంది. విండోస్ కొంప ముంచింది," అన్నాడు. తెర మీది గుర్తులు కూడా చోటు మారి, పలచబడి కనిపించాయి. అదీ అప్‌డేట్ పనే అని తేల్చాడు. ప్రోగ్రాములు రాసేవాడికి నేరస్థుణ్ణి పట్టుకోవడానికి అర నిమిషం చాలు. సాక్ష్యం తర్వాత వెతుక్కుంటాడు.

భార్య లెక్కల టీచరు. వంటింట్లోంచే అడిగింది. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందండీ?"

"ఏమీ మారలేదు."

"ఏమీ మారకపోతే నిన్నటిలాగే నడవాలిగా?"

"నీ లెక్కలు బళ్ళో చెప్పుకో."

మామగారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చారు. నలభై ఏళ్ళు ఒక పెద్ద ఆఫీసులో రికార్డు గది చూసి రిటైరైన మనిషి. నెల రోజులుండి పోదామని వచ్చి మూడో నెలలో ఉన్నారు. "బాబూ, నిన్న సాయంత్రం నేను దీంట్లో పేకాట ఆడుకుంటూ..."

"ఇప్పుడు పేకాటేమిటి మామయ్యగారూ!"

మామగారు పేపరు విప్పుకుని కూర్చున్నారు.

విండోస్‌కి తన కష్టసుఖాలు రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. అందులో ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. నిక్షేపంలాంటి కంప్యూటర్లో తెరిచినా కనిపిస్తాయి. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ పూటకు మరిచిపోయాడు. ఎర్ర గుర్తులన్నీ చదివి, కంప్యూటర్ల రిపేరు షాపులో పనిచేసే బావమరిదికి ఫోన్ చేశాడు. ఆ బావమరిదిని షాపులో అందరూ 'ఫార్మాట్' అని పిలుస్తారు. ఏ జబ్బుకైనా అతని దగ్గర, ఉన్నదంతా తుడిచిపెట్టే ఆ ఒక్క మందే ఉంటుంది.

"ఫార్మాట్ కొట్టెయ్ బావా."

"పదకొండుకు మనిషి వస్తోందిరా!"

"అయితే ముందు అప్‌డేట్ పీకెయ్."

పీకాడు. 'దయచేసి కట్టేయకండి' అంటూ తెర మీద చుక్కలు నలభై నిమిషాలు గుండ్రంగా తిరిగాయి. ఆగాక ప్రోగ్రామ్ మళ్ళీ రెప్ప వేసింది.

"యాంటీవైరస్ పీకెయ్."

పీకాడు. పోతూ పోతూ అది 'మమ్మల్ని ఎందుకు వదిలేస్తున్నారు?' అని అడిగి, జవాబు చెప్పేదాకా కదల్లేదు. ప్రోగ్రామ్ రెప్ప వేసింది.

"మొన్నటి స్థితికి వెనక్కి తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాడు. కంప్యూటరు మొన్నటికి పోయింది. ప్రోగ్రామ్ మాత్రం ఇవాళ్టిలాగే ఉంది.

"అల్లుడుగారూ, ఒక్కమాట. నిన్న ఆ తెర మీద..." అన్నారు మామగారు.

"మీకు దండం పెడతాను. కాసేపు మాట్లాడకండి."

మామగారికి కోపం వచ్చింది. రికార్డు గదిలో కోపం వస్తే ఆయన మాట్లాడడం మానేసి, అడిగేదాకా కాగితం ఇచ్చేవారు కాదు. ఇప్పుడూ అదే చేశారు.

"తెరను నడిపే డిస్‌ప్లే డ్రైవరు తీసి చూడు బావా," అంది ఫోను. తీశాడు. తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. గంట పదింబావు దాటింది. స్నానం లేదు, చొక్కా లేదు.

"ఇంక ఫార్మాట్..."

అతను ఫోను పెట్టేశాడు.

పది ముప్పైకి, పొద్దున ఎనిమిదింటికే చెయ్యవలసిన పని మొదలుపెట్టాడు. తను రాసిన ప్రోగ్రామ్ తనే తెరిచి చదివాడు. మొదటి పుటలోనే చెయ్యి ఆగింది. ఏ తప్పు వచ్చినా నోరెత్తకుండా మూసుకుపొమ్మని అందులో ఒక వరుస ఉంది. డాక్టరమ్మ కంట తప్పులు పడకూడదని పోయిన వారం తనే రాశాడు. ప్రోగ్రామ్ చెప్పినట్టే విన్నది.

ఆ వరుస కొట్టేశాడు. ఎక్కడ ఆగిపోతోందో తెలియడానికి అడుగడుగునా ఒక సందేశం పెట్టాడు. వాటిని తర్వాత తీసెయ్యాలి కాబట్టి, ఒళ్ళు మండి నోటికొచ్చింది రాశాడు. అప్పుడు ప్రోగ్రామ్ నడిపాడు.

డాక్టరమ్మ పది నిమిషాలు ముందే వచ్చింది. గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు పెట్టుకోకుండానే తెర చదివింది.

"'ఇక్కడిదాకా బతికే ఉన్నాను.'"

అతను ఉలిక్కిపడ్డాడు. వేలు ఎంటర్ మీద పడింది.

"'ఇప్పుడు కేసుల ఫోల్డరు తెరవబోతున్నాను. చస్తే ఇక్కడే చస్తాను.'"

మూయబోయి మళ్ళీ అదే నొక్కాడు.

"'ఫోల్డరు ఉన్నచోట లేదు. తీసినవాడెవడో వాడికి బుద్ధి లేదు.'"

మామగారు పేపరు దించారు. "ఆ బుద్ధి లేనివాణ్ణి నేనే."

"మీరా?"

"పొద్దుట్నించి చెప్పబోతుంటే వినవేం? తెర నిండా ముప్పై ఒక్క ఫోల్డర్లు. 'న్యూ ఫోల్డర్ ఏడు' అట! ఎనిమిది నెలల నాటిది, ఇంకా న్యూ ఏమిటయ్యా? అన్నీ కట్టలు కట్టి, తేదీ వేసి, 'పాత రికార్డు'లో పెట్టాను. నీ కేసులున్నది ఏడో కట్ట."

"దాన్ని ప్రస్తుతానికని అక్కడ పెట్టానండీ," అన్నాడు అతను నీరసంగా.

"ఎప్పుడు?"

"ఎనిమిది నెలల కింద."

"ఏమీ మారలేదన్నారుగా?" అంది భార్య.

ఏడో కట్ట బయటికి తీసి దాని చోట పెట్టాడు. ప్రోగ్రామ్ కిక్కురుమనకుండా తెరుచుకుంది. డాక్టరమ్మ కూర్చుని ఒక గేదెను ఎక్కించింది, ఒక కుక్కను వెతికింది, ఒక మేకను కొట్టేసింది. పావుగంట అన్నీ నొక్కి చూసింది. టై కట్టుకున్న మనిషి అతని కళ్ళముందు తిరిగాడు.

"ఆ సందేశాలు..." అంది.

"తీసేస్తానండీ. ఇప్పుడే తీసేస్తాను."

"తీస్తే ఊరుకోను. మా పాత కంప్యూటరు తప్పొస్తే సున్నా, ఎక్స్, పక్కన ఎనిమిది అంకెలు చూపిస్తుంది. నోరులేని కుక్క కూడా ఎక్కడ నొప్పో కాలెత్తి చూపిస్తుంది. మీది ఎక్కడ నొప్పో చెప్పింది, చేసినవాణ్ణి కూడా పట్టించింది."

"బుద్ధి లేదు అన్నది కూడా ఉంచమంటారా?"

"అదే ముఖ్యం. ఫైళ్ళన్నీ చోటు మార్చే మా కాంపౌండరు చదవాలి. అక్షరాలు కూడా ఇంత పెద్దగానే ఉండాలి. ఆ టై అతనివి చీమల్లా ఉన్నాయి."

అతను తల ఊపాడు. అవి డ్రైవరు పోయి లావెక్కాయని చెప్పలేదు.

"పని మీకే," అంటూ లేచింది డాక్టరమ్మ. గుమ్మం దగ్గర మామగారి వైపు తిరిగింది. "మా దగ్గర పదిహేనేళ్ళ కాగితాలు గుట్టగా పడి ఉన్నాయి. రేపట్నుంచి వస్తారా?"

"మీరు అడిగారు కాబట్టి వస్తాను," అన్నారు మామగారు అల్లుడి వైపు చూస్తూ.

ఆ పూట ఆ ఇంట్లో ఏ తప్పూ చేయకుండానే నేరం మోసింది విండోస్ ఒక్కటే. దానికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.